50 వాట్ల ఎల్‌ఈడీ డ్రైవర్‌లో 8 వాట్ల వేడి: ఒక కేస్ స్టడీ

ఎల్‌ఈడీ డ్రైవర్ల గురించి, అంటే కరెంటు సప్లైని ఎల్‌ఈడీలకు కావాల్సిన రూపంలోకి మార్చే సర్క్యూట్ల గురించి మాట్లాడేటప్పుడు మనందరికీ ఎఫిషియెన్సీని శాతాల్లో చెప్పడం అలవాటు. 86 నుంచి 90కి తెచ్చాం అంటే పని అయిపోయినట్టే. ఈ కేసులో నేను చివరికి తెచ్చింది 88.3 శాతం మాత్రమే. అయినా ఏడాది తిరక్కుండా పోతున్న డ్రైవర్ నిలబడింది. ఆ రెండు పాయింట్ల తేడా వెనక ఏం జరిగిందో, ఎక్కడెక్కడ తప్పటడుగులు వేశానో వివరంగా రాస్తున్నాను. తయారీ సంస్థ ఎవరు, లైట్లు ఎక్కడ పెట్టారు వంటి వివరాలు తీసేశాను.

నేపథ్యం

రాత్రీపగలూ యంత్రాలు తిరిగే పెద్ద హాలు. పైకప్పుకి వేలాడే 50 వాట్ల ఎల్‌ఈడీ ఫిట్టింగులు. దుమ్ము లోపలికి పోకుండా అల్యూమినియం బాడీని పూర్తిగా సీల్ చేశారు. లోపల 16 ఎల్‌ఈడీలు సీరీస్‌లో, అలాంటి స్ట్రింగులు మూడు ప్యారలల్‌లో. వాటికి డ్రైవర్ ఇవ్వాల్సింది సుమారు 48 వోల్టులు, 1.05 ఆంపియర్లు. డ్రైవర్‌కి వేరే పెట్టె లేదు. ఎల్‌ఈడీ ప్లేటు వెనకే ఒక ఇరుకు అరలో కూర్చుంటుంది.

డ్రైవర్ సింగిల్ స్టేజ్ ఫ్లైబ్యాక్. అంటే ఒకే మాస్‌ఫెట్ (సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్ స్విచ్), ఒకే ట్రాన్స్‌ఫార్మర్ రెండు పనులూ చేస్తాయి: సప్లై నుంచి తీసుకునే కరెంటును వోల్టేజ్ ఆకారంలో ఉంచి పవర్ ఫ్యాక్టర్ కాపాడటం, ఎల్‌ఈడీలకు స్థిరమైన కరెంటు ఇవ్వడం. పార్టులు తక్కువ, బోర్డు చిన్నది, ఖర్చు తక్కువ. అందుకే ఈ వాటేజ్‌లో ఎక్కువమంది దీన్నే ఎంచుకుంటారు. 230 వోల్టుల దగ్గర కొలిస్తే ఇన్‌పుట్ 58.1 వాట్లు, అవుట్‌పుట్ 50 వాట్లు. ఎఫిషియెన్సీ 86 శాతం. ఆ 8.1 వాట్లూ మూతేసిన అరలో వేడిగా మారుతున్నాయి.

వచ్చిన సమస్య

పది, పదకొండు నెలలు నడిచాక ఫిట్టింగులు ఒక్కొక్కటిగా మొరాయించడం మొదలైంది. స్విచ్ వేస్తే వెంటనే వెలగవు. నాలుగైదు సార్లు మిణుకుమని అప్పుడు నిలబడతాయి. కొన్నాళ్లకు అదీ ఉండదు, మిణుకుమంటూనే ఉంటాయి. నా దగ్గరకు వచ్చిన వాటిలో ఒకటి విప్పి చూస్తే బోర్డు మీద స్నబ్బర్ (మాస్‌ఫెట్ మీద పడే వోల్టేజ్ స్పైక్‌లను మింగే భాగం) రెసిస్టర్ల కింద పచ్చరంగు పోయి, కాలిన అట్టులా గోధుమ రంగు తిరిగింది. దాన్ని ఆనుకునే రెండు అవుట్‌పుట్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. విప్పి కొలిచాను. 470 మైక్రోఫారడ్లు ఉండాల్సిన చోట ఒకటి 290, రెండోది 310 చూపించింది. ఈఎస్‌ఆర్, అంటే కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్, కొత్తదానికి ఎన్నో రెట్లు ఉంది. కెపాసిటర్ లోపలి ద్రవం ఎండిపోతే అవుట్‌పుట్‌లో రిపుల్, అంటే వోల్టేజ్ ఎగుడుదిగుడు, పెరుగుతుంది. ఆ శిఖరాలు ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్‌ని తాకి డ్రైవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. మిణుకు అక్కడిదే.

బాగున్న ఒక ఫిట్టింగ్‌లో థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు) అతికించి మూత బిగించి, 40 డిగ్రీల పరిసరంలో ఆరు గంటలు నడిపాం. కెపాసిటర్ క్యాన్ 98 డిగ్రీలు, స్నబ్బర్ రెసిస్టర్ 138. వాడిన కెపాసిటర్ 105 డిగ్రీల దగ్గర 5,000 గంటల రేటింగ్ ఉన్నది. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అనే మామూలు లెక్క వేస్తే 98 దగ్గర సుమారు 8,100 గంటలు. ఏడాదికి గంటలు 8,760. హాల్లో లైట్లు ఎప్పుడూ ఆర్పరు. లెక్కకీ, వస్తున్న ఫిర్యాదులకీ ఇంత దగ్గరగా కుదరడం అరుదు.

అక్కడ మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మంచి కెపాసిటర్, అంటే 10,000 గంటల రేటింగ్ ఉన్నది పెట్టి చేతులు దులుపుకోవచ్చు. సంస్థ ఇంజనీరు కూడా మొదట అదే అడిగారు. ఆయుష్షు రెట్టింపై రెండేళ్లకు దగ్గర పడుతుంది, అంటే ఫిర్యాదులు ఏడాది ఆలస్యంగా వస్తాయి, అంతే. వేడి తగ్గకుండా పార్టు మార్చడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన కూడా ఒప్పుకున్నారు. కానీ ఇంకో కోరిక జోడించారు: డేటాషీట్‌లో 90 శాతం అని రాసుకోగలగాలి.

మొదటి ప్రయత్నాలు

ముందుగా అందరూ చేసేదే నేనూ చేశాను, మాస్‌ఫెట్ మార్చాను. ఆన్ రెసిస్టెన్స్ 0.9 ఓమ్ ఉన్నదాని బదులు 0.38 ఓమ్‌ది పెట్టాను. ఎఫిషియెన్సీ కదల్లేదు. మీటర్ మీద చివరి అంకె అటూఇటూ ఊగింది. తర్వాత కూర్చుని లెక్క వేస్తే కారణం తేలిగ్గానే దొరికింది. ఈ డిజైన్‌లో ప్రైమరీ (ట్రాన్స్‌ఫార్మర్‌లో సప్లై వైపు చుట్లు) ఆర్‌ఎంఎస్ కరెంటు, అంటే వేడి లెక్కకు వాడే సగటు, అర ఆంపియర్ దగ్గరే. వేడెక్కిన మాస్‌ఫెట్‌లో కండక్షన్ నష్టం సుమారు 0.35 వాట్. దాన్ని సగానికి పైగా తగ్గించినా మిగిలేది 0.2 వాట్. కానీ ఆన్ రెసిస్టెన్స్ తగ్గాలంటే చిప్ పెద్దదవుతుంది. చిప్ పెద్దదైతే అవుట్‌పుట్ కెపాసిటెన్స్, గేట్ చార్జ్ (స్విచ్ ఆన్ చేయడానికి పట్టే చార్జ్) పెరుగుతాయి. ఒక్కో సైకిల్‌లో ఆ కెపాసిటెన్స్‌లోని శక్తి మాస్‌ఫెట్‌లోనే కాలిపోతుంది. సప్లై శిఖరం దగ్గర డ్రెయిన్ (మాస్‌ఫెట్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిసే కాలు) వోల్టేజ్ అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు కూడా 200 వోల్టుల పైనే ఉంటుంది కాబట్టి అది చిన్న సంగతేమీ కాదు. ఒక చేత్తో మిగిల్చింది రెండో చేత్తో పోయింది.

రెండో ప్రయత్నం, పాటింగ్. అరంతా వేడిని మోసే సిలికాన్‌తో నింపితే వేడి బాడీకి త్వరగా పోతుందని అనుకున్నాం. స్నబ్బర్ రెసిస్టర్ 138 నుంచి 112కి దిగింది. చూడగానే సంతోషం వేసింది. కెపాసిటర్ చూస్తే 98 నుంచి 102కి ఎక్కింది! పాటింగ్ వేడిని తీసేయదు, పంచుతుంది. వేడి పార్టులు చల్లబడతాయి, చల్లని పార్టులు వేడెక్కుతాయి. మన కేసులో చల్లగా ఉండాల్సిందే ఆయుష్షు తక్కువున్న పార్టు. బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నప్పుడు లోపల సమానంగా పంచడం ఆ పార్టుకి చేటు.

మూడోది సింక్రనస్ రెక్టిఫైయర్. అవుట్‌పుట్ డయోడ్ 0.85 వోల్టుల డ్రాప్‌తో 0.9 వాట్ తింటోంది, స్విచింగ్‌తో కలిపి 1 వాట్. దాని బదులు మాస్‌ఫెట్, దాన్ని నడిపే చిన్న కంట్రోలర్ పెడితే అర వాట్ మిగిలింది. 5 వోల్టులు, 12 వోల్టుల అవుట్‌పుట్‌లో దీనితో వచ్చే లాభం చాలా పెద్దది. 48 వోల్టుల దగ్గర డయోడ్ డ్రాప్ మొత్తంలో రెండు శాతం కూడా కాదు. అర వాట్ కోసం రెండు పార్టులు పెంచడం అనవసరం అనిపించి పక్కన పెట్టాను. ఈ నిర్ణయాన్ని తర్వాత మార్చుకున్నాను, ఎందుకో వస్తుంది.

మూడు వారాలు ఇలా గడిచాయి. సంస్థ వైపు నుంచి రోజూ ఫోన్లు, టెన్షన్. నాకు అప్పుడు అర్థమైంది, నేను నష్టం ఎక్కడుందో తెలియకుండానే నష్టం తగ్గించే పని చేస్తున్నానని.

నష్టాన్ని లెక్కపెట్టడం

ఎఫిషియెన్సీ కొలిచి మార్పు పసిగట్టడంలో ఒక చిక్కుంది. పవర్ మీటర్‌కి అర శాతం పొరపాటు ఉంటే 58 వాట్లలో అది దాదాపు 0.3 వాట్. నేను వెతుకుతున్న మార్పులు కూడా అంతే. ఇన్‌పుట్‌లోంచి అవుట్‌పుట్ తీసేసి నష్టం తేల్చడం అంటే రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడాను నమ్మడం. అందుకని ఒక్కో పార్టులో నష్టాన్ని నేరుగా కొలవడం మొదలుపెట్టాను.

స్నబ్బర్‌తో మొదలుపెట్టడానికి కారణం ఆ గోధుమ రంగు మచ్చే. రెసిస్టర్ విలువ 12 కిలో ఓమ్‌లు. డిఫరెన్షియల్ ప్రోబ్ పెట్టి, సప్లై సైకిల్ మొత్తం మీద దాని ఆర్‌ఎంఎస్ వోల్టేజ్ చూశాను. 195 వోల్టులు. వర్గం చేసి 12,000తో భాగిస్తే 3.2 వాట్లు. ఇందులో తెలివేమీ లేదు, రెండు నిమిషాల పని. మొదటిరోజే చేయాల్సింది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: సింగిల్ స్టేజ్‌లో స్నబ్బర్ వోల్టేజ్ 100 హెర్ట్జ్‌తో పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి మల్టీమీటర్ డీసీ సగటు తీసుకుంటే నష్టం తక్కువగా కనిపిస్తుంది.

నమ్మకం కుదరక ఇంకో దారిలోనూ సరిచూశాను. డ్రైవర్ ఆపేసి, ఆ రెసిస్టర్‌కి మాత్రమే బెంచ్ సప్లై నుంచి డీసీ ఇచ్చి, నడిచేటప్పుడు ఉన్నంత వేడి పెరుగుదల వచ్చేదాకా పెంచాను. పక్క పార్టుల వాటాని తీసేస్తే 3 వాట్ల చుట్టూనే తేలింది.

అలా మిగతావీ పట్టుకొచ్చాను. డయోడ్ 1 వాట్, ట్రాన్స్‌ఫార్మర్ 1.3, మాస్‌ఫెట్ 1, ఇన్‌పుట్ బ్రిడ్జ్ 0.4, ఫిల్టర్ చోక్‌లు, ఇన్‌రష్ థర్మిస్టర్ కలిసి 0.4, కంట్రోలర్ సప్లై, సెన్స్ రెసిస్టర్లు 0.4, కెపాసిటర్లలో 0.2. మొత్తం 7.9. కొలిచిన 8.1లో 0.2 వాట్ లెక్కకు దొరకలేదు, దాన్ని వదిలేశాను. ఎనిమిదిలో మూడు వాట్లు ఒక్క స్నబ్బర్‌వే.

ఈ డీసీ పద్ధతి వల్ల ఇంకొకటి దొరికింది, ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనది అదే. ఒక్కో పార్టులో ఒక వాట్ కాలిస్తే కెపాసిటర్ ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో రాసుకున్నాను. స్నబ్బర్‌లో 1 వాట్‌కి 7 డిగ్రీలు. డయోడ్‌లో 6. ట్రాన్స్‌ఫార్మర్‌లో 5. మాస్‌ఫెట్ బాడీకి బిగించి ఉంది కాబట్టి 2. బ్రిడ్జ్, చోక్‌లు దూరంగా ఉన్నాయి, వాటివీ 2 లోపే. ఎల్‌ఈడీలు ఒక్కటే వెలిగితే, అంటే బయటి సప్లైతో నడిపితే, బాడీ ద్వారా 18 డిగ్రీలు. ఇవన్నీ పరిసరం 40కి కలిపితే 98 దగ్గరికి వస్తుంది. పెరిగిన 58 డిగ్రీల్లో 22 స్నబ్బర్ ఒక్కదాని వల్ల!

ఈ లెక్క ముందుంటే నా పాత ప్రయత్నాలు ఎందుకు వీగిపోయాయో కళ్లకు కడుతుంది. మాస్‌ఫెట్‌లో పూర్తి 1 వాట్ తగ్గించినా కెపాసిటర్‌కి 2 డిగ్రీలే. అదే వాట్ స్నబ్బర్‌లో తగ్గితే 7. ఎఫిషియెన్సీ మీటర్‌కి ఆ రెండు వాట్లూ ఒక్కటే. కెపాసిటర్‌కి కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి

స్నబ్బర్ నష్టానికి మూలం స్నబ్బర్ కాదు, ట్రాన్స్‌ఫార్మర్ లీకేజ్ ఇండక్టెన్స్. ప్రైమరీలో పుట్టిన అయస్కాంత క్షేత్రమంతా సెకండరీతో (అవుట్‌పుట్ వైపు చుట్లతో) కలవదు. కలవని కొంచెంలో నిలిచిన శక్తి, మాస్‌ఫెట్ ఆఫ్ అయిన ప్రతిసారీ ఎటో పోవాలి. స్నబ్బర్ లేకపోతే డ్రెయిన్ మీద స్పైక్‌గా లేచి మాస్‌ఫెట్‌ను పేల్చేస్తుంది. సెకండరీ పిన్నులు షార్ట్ చేసి ప్రైమరీని ఇండక్టెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్‌తో 100 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిస్తే 12 మైక్రోహెన్రీలు. ప్రైమరీ మొత్తం 500. అంటే 2.4 శాతం.

శిఖరం దగ్గర ప్రైమరీ కరెంటు 2.3 ఆంపియర్ల వరకూ పోతుంది, ఫ్రీక్వెన్సీ 80 కిలోహెర్ట్జ్ పైచిలుకు. లీకేజ్‌లో ఉన్న శక్తి మాత్రమే లెక్కేస్తే సుమారు 1.3 వాట్. మరి స్నబ్బర్‌లో 3.2 ఎందుకు? లీకేజ్ కరెంటు సున్నాకి దిగేదాకా, సెకండరీకి పోవాల్సిన శక్తిలో కొంత కూడా క్లాంప్‌లోకే, అంటే స్నబ్బర్‌లోకే పోతుంది. క్లాంప్ వోల్టేజ్ ఎంత తక్కువ పెడితే ఆ దిగే సమయం అంత పెరుగుతుంది. అవుట్‌పుట్ నుంచి ప్రైమరీకి ప్రతిఫలించే వోల్టేజ్ 120. క్లాంప్ 200 పెడితే నష్టం లీకేజ్ శక్తికి రెండున్నర రెట్లు. 240 పెడితే రెండు రెట్లు. 650 వోల్టుల మాస్‌ఫెట్‌ని కాపాడదామని క్లాంప్‌ని కిందికి లాగిన డిజైనర్‌ది తప్పనలేను. ఆ భద్రతకు ఎంత వేడి చెల్లిస్తున్నారో మాత్రం చూసుకోలేదు.

రెండు మార్పులు ఒకేసారి నిర్ణయించాను. 800 వోల్టుల మాస్‌ఫెట్ వేసి క్లాంప్‌ని 240కి ఎత్తడం. 265 వోల్టుల సప్లైలో శిఖరం 375, దాని మీద 240, ఆపైన చిన్న ఎగుడు కలిపినా 655 దాటదు, మార్జిన్ సరిపోతుంది. రెండోది వైండింగ్ మార్చడం. పాతదానిలో ప్రైమరీ అంతా కింద, పైన సెకండరీ, సేఫ్టీ దూరం కోసం రెండు అంచుల్లోనూ మార్జిన్ టేపు. ఆ టేపు వల్ల వైండింగ్ వెడల్పు తగ్గుతుంది, పొరలు పెరుగుతాయి, లీకేజ్ పెరుగుతుంది. కొత్తదానిలో సగం ప్రైమరీ, మధ్యలో సెకండరీ, పైన మిగతా సగం ప్రైమరీ. సెకండరీకి మూడు పొరల ఇన్సులేషన్ ఉన్న వైరు వాడితే మార్జిన్ టేపు అక్కర్లేదు. లీకేజ్ 5 మైక్రోహెన్రీలకు దిగింది. పొరల మధ్య ప్రాక్సిమిటీ నష్టం (పక్క చుట్ల క్షేత్రం వల్ల తీగలో పుట్టే వేడి) కూడా తగ్గి ట్రాన్స్‌ఫార్మర్ నష్టం 1.3 నుంచి 1 వాట్‌కి వచ్చింది.

అక్కడితో గెలిచామనుకున్నాను. ఈఎంఐ టెస్ట్‌కి (డ్రైవర్ బయటికి వదిలే విద్యుత్ రొదను కొలిచే పరీక్షకి) తీసుకెళితే లైట్ల ప్రమాణమైన సిస్పర్ 15 హద్దును 3 నుంచి 6 మెగాహెర్ట్జ్ మధ్య దాటేసింది. ప్రైమరీ, సెకండరీ ఒకదాన్నొకటి రెండు వైపులా తాకేలా చుట్టాం కదా, వాటి మధ్య కెపాసిటెన్స్ మూడు రెట్లకు పైగా పెరిగింది. డ్రెయిన్ మీది వోల్టేజ్ ఊపు ఆ దారిలో సెకండరీకి, అక్కడి నుంచి బాడీకి పాకుతోంది. లీకేజ్, కెపాసిటెన్స్ రెండూ ఒక త్రాసుకి రెండు తట్టలు.

ఆ రొదను దారి మళ్లించే వై కెపాసిటర్‌ని 2.2 నానోఫారడ్ల నుంచి 4.7కి పెంచితే టెస్ట్ పాసవుతుంది, చేసి చూశాను. కానీ వద్దనుకున్నాను. 230 వోల్టుల దగ్గర 4.7 నానోఫారడ్ల గుండా 0.34 మిల్లీ ఆంపియర్ బాడీకి పోతుంది. ఒకే లైను మీద 40 ఫిట్టింగులుంటే 13 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (లీకయ్యే కరెంటు పసిగట్టి లైను ఆపే స్విచ్) సగం దగ్గర నుంచే పడిపోవచ్చు. బెంచ్ మీద ఒక్క ఫిట్టింగ్‌కి సరైన మందు, హాలు మొత్తానికి రోగమవుతుంది.

బదులుగా రెండు పనులు చేశాను. డ్రెయిన్‌కి కలిసే చివరను బాబిన్‌లో (తీగ చుట్టే ప్లాస్టిక్ రీలులో) అన్నిటికన్నా లోపల మొదలుపెట్టించాను. ఎక్కువ ఊగే చుట్లు కోర్ పక్కన దాక్కుంటాయి, సెకండరీ పక్కన సగం ఊపు ఉన్న చుట్లే ఉంటాయి. ఆ తర్వాత ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఒక్కో చుట్టు పల్చని రాగి రేకు పెట్టి, దాన్ని ప్రైమరీ గ్రౌండ్‌కి కలిపాను.

మొదటి శాంపిల్ పవర్ ఇవ్వగానే మాస్‌ఫెట్ పేలింది. రెండోది కూడా. ట్రాన్స్‌ఫార్మర్‌ని వైండింగ్ చేసే పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన టేపు పొర పొరా విప్పి, రేకు కనబడగానే గోటితో చూపించారు.

"రేకు కొసలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి సార్. మధ్యలో టేపు లేదు. మీ డ్రాయింగ్‌లో గ్యాప్ అని రాశారు గానీ ఎంతో రాయలేదు, కొసకి ఇన్సులేషన్ సంగతీ రాయలేదు."

"తప్పు నాదేనండీ. రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, కొస మీద టేపు మడవండి."

కొసలు కలిస్తే ఆ రేకు షీల్డ్ కాదు, షార్ట్ అయిన ఒక చుట్టు. నాకు తెలియని విషయం కాదు. డ్రాయింగ్‌లోకి రాకపోతే తెలిసీ ఉపయోగం లేదు. ఆ రోజు నుంచి షీల్డ్ ఉన్న ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ డ్రాయింగ్‌లో కొస దగ్గర విడిగా ఒక పెద్ద బొమ్మ గీస్తున్నాను.

షీల్డ్‌లతో లీకేజ్ 5.5కి పెరిగింది, ఈఎంఐ పాత వై కెపాసిటర్‌తోనే పాసయింది. స్నబ్బర్ రెసిస్టర్‌ని 47 కిలో ఓమ్‌లు చేశాక దాని మీద 240 వోల్టులు, అంటే 1.2 వాట్లు. డ్రైవర్ మొత్తం నష్టం 5.8. ఎఫిషియెన్సీ 89.6. పక్కన పెట్టిన సింక్రనస్ రెక్టిఫైయర్ కలిపితే 90 దాటుతుంది.

ఫ్లికర్ తెచ్చిన మలుపు

సంస్థ ఇంజనీరు 90 చూసి పని పూర్తయిందనుకున్నారు. నేను మాత్రం ఫోటోడయోడ్‌తో వెలుతురు కొలిచి ఆయనకు స్కోప్ తెర చూపించాను. వెలుతురు 100 హెర్ట్జ్‌తో 46 శాతం ఊగుతోంది, ఫ్లికర్ అంటే ఇదే. పాత డ్రైవర్ కూడా మొదటి రోజు నుంచీ అంతే.

సింగిల్ స్టేజ్‌లో ఇది పుట్టుకతో వచ్చేది. పవర్ ఫ్యాక్టర్ బాగుండాలంటే సప్లై నుంచి వచ్చే శక్తి సెకనుకు 100 సార్లు సున్నాకి పడి లేవాలి. ఎల్‌ఈడీకి సమానంగా కావాలి. 50 హెర్ట్జ్ సప్లైలో 50 వాట్లకు ఆ తేడా సుమారు 0.16 జౌల్, ఎక్కడో ఒకచోట దాచాలి. ఇక్కడ దాచే చోటు 48 వోల్టుల అవుట్‌పుట్ కెపాసిటర్లే. మొత్తం 940 మైక్రోఫారడ్లు, 100 హెర్ట్జ్ దగ్గర వాటి ఇంపెడెన్స్ 1.7 ఓమ్. ఎల్‌ఈడీ స్ట్రింగుల డైనమిక్ రెసిస్టెన్స్ (వోల్టేజ్ కొద్దిగా మారితే కరెంటు ఎంత మారుతుందో చెప్పేది) కలిపి 3.2 ఓమ్‌లే. 48 వోల్టుల మీద ఒకటిన్నర వోల్టు రిపుల్ చూస్తే ఏమీ కాదనిపిస్తుంది. ఎల్‌ఈడీ కరెంటులో అది దాదాపు సగం.

ఎల్‌ఈడీ ఫ్లికర్ మీద ఉన్న ఐఈఈఈ 1789-2015 సిఫార్సు ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర తక్కువ రిస్క్ అనాలంటే ఊపు 8 శాతం లోపుండాలి, ప్రభావం కనిపించకూడదంటే 3.3. మామూలు గోదాములో అయితే ఈ పంచాయితీ పెట్టేవాణ్ణి కాదేమో. ఇది యంత్రాలు తిరిగే హాలు. వేగంగా తిరిగే చక్రం ఊగే వెలుతురులో ఆగినట్టో, నెమ్మదిగా తిరుగుతున్నట్టో కనిపిస్తుంది. ఆ చక్రం దగ్గర మనిషి చెయ్యి పెడతాడు. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా నిలబడ్డాను.

కెపాసిటర్ పెంచి 8 శాతానికి తేవాలంటే 6,000 మైక్రోఫారడ్లు దాటాలి, అరలో చోటు లేదు. రెండు స్టేజ్‌లకు మారడం సాంకేతికంగా శుభ్రమైన దారి. ముందు వోల్టేజ్ పెంచే బూస్ట్ స్టేజ్, 400 వోల్టుల దగ్గర 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్ చాలు, అదే శక్తి అక్కడ ఇట్టే దాగుతుంది. కొత్తగా, ఇంకొంచెం ఎక్కువ వాటేజ్‌తో మొదలుపెట్టి ఉంటే అదే చేసేవాణ్ణి. కానీ ఇప్పటికే వేలాడుతున్న ఫిట్టింగుల్లోకి అదే సైజు బోర్డు ఎక్కాలి. ఆ కొలతల్లో రెండు స్టేజ్‌లు ఇరికిస్తే మళ్లీ వేడి దగ్గరికే వస్తాం.

అందుకని అవుట్‌పుట్‌లో ఎల్‌ఈడీలకు సీరీస్‌లో ఒక మాస్‌ఫెట్‌తో లీనియర్ రిపుల్ ఫిల్టర్ పెట్టాను. అది రిపుల్‌ని తన మీద వేసుకుని ఎల్‌ఈడీకి చదునైన కరెంటు ఇస్తుంది. దానికి చెల్లించే ధర రిపుల్ ఎత్తు మీద ఆధారపడుతుంది. పాత కెపాసిటర్లతో 2 వాట్లు దాటేది. చెరి 1,000 మైక్రోఫారడ్ల రెండు కెపాసిటర్లు వేశాక డ్రాప్ 1.25 వోల్టులకు దిగింది, నష్టం 1.3 వాట్.

కావాలని నష్టం పెంచుతున్నామేమిటని ఇంజనీరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ డిగ్రీల పట్టికలో ఉంది. ఈ మాస్‌ఫెట్‌ని బాడీకి బిగించాం. దానిలో 1.3 వాట్ కాలితే కెపాసిటర్‌కి రెండున్నర డిగ్రీలు. అప్పుడే సింక్రనస్ రెక్టిఫైయర్ మళ్లీ లోపలికి వచ్చింది. డయోడ్ కెపాసిటర్ల పక్కన ఉంది, అక్కడ మిగిలే అర వాట్ 3 డిగ్రీలు తగ్గిస్తుంది. ఫిల్టర్ తెచ్చే వేడిని అది ఒక్కటే తీర్చేస్తుంది. విడిగా చూసినప్పుడు దండగ అనిపించిన పార్టు ఇక్కడ తన స్థానం సంపాదించుకుంది.

చివరి మార్పు లేఅవుట్. స్నబ్బర్‌ని దూరం జరపలేం, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన లేకపోతే లూప్ పెరిగి మళ్లీ ఈఎంఐ. కాబట్టి కెపాసిటర్లనే బోర్డు అవతలి కొసకు పంపి, రెక్టిఫైయర్ దగ్గర హై ఫ్రీక్వెన్సీ కరెంటు కోసం చిన్న ఫిల్మ్ కెపాసిటర్ ఉంచాను.

ఫలితం

ఇన్‌పుట్ 56.6 వాట్లు, నష్టం 6.6, ఎఫిషియెన్సీ 88.3. వెలుతురు ఊపు 3 శాతం. అదే 40 డిగ్రీల పరీక్షలో కెపాసిటర్ 79 డిగ్రీలు, మునుపటికన్నా 19 తక్కువ. 5,000 గంటల కెపాసిటర్ అయినా 30,000 గంటలు రావాలి. మేం 10,000 గంటలది వేశాం, ఇప్పుడు ఆ ఖర్చుకి అర్థం ఉంది. 90 శాతం అని రాసుకోలేకపోయినందుకు సంస్థకు కొంత అసంతృప్తి మిగిలింది. ఊపు 3 శాతం అని రాసుకోమన్నాను, రాసుకున్నారు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి రెండు మూడు ఉన్నాయి. కొత్త డ్రైవర్ చేతికి రాగానే ఇప్పుడు మాస్‌ఫెట్ డేటాషీట్ వెతకను. స్నబ్బర్ మీద ప్రోబ్ పెట్టి, సెకండరీ షార్ట్ చేసి లీకేజ్ కొలుస్తాను. ఆ రెండు అంకెలు పది నిమిషాల్లో వస్తాయి. ఆ తర్వాత ఏ పార్టు ముందు చచ్చిపోతుందో తేల్చుకుని, మిగతా పార్టుల్లో ఒక్కో వాట్ దాన్ని ఎన్ని డిగ్రీలు వేడెక్కిస్తుందో పట్టిక వేస్తాను. ఇది చేయడానికి ఒక పూట పడుతుంది, ఒక బోర్డు పాడవుతుంది. ఎల్‌ఈడీ లోడ్ కాకుండా రెసిస్టర్ లోడ్‌తో ఫ్లికర్ కొలవడం పూర్తిగా మానేశాను. అదే 48 వోల్టుల దగ్గర రెసిస్టర్ 46 ఓమ్‌లు, అందులో రిపుల్ కరెంటు మూడు, నాలుగు శాతమే కనిపిస్తుంది. సంస్థ పాత టెస్ట్ రిపోర్టులో ఫ్లికర్ పాసయినట్టు ఉండటానికి కారణం అదే.

కొత్త బోర్డులు ఎక్కించిన 14 నెలలకు హాల్లోంచి మూడు ఫిట్టింగులు దింపి పంపించారు. ఆరు కెపాసిటర్లు కొలిచాను. అన్నిటికన్నా తక్కువది 962 మైక్రోఫారడ్లు. స్నబ్బర్ కింద బోర్డు ఇంకా పచ్చగానే ఉంది.